అక్క చెప్పిందన్న మాట

బైండింగ్ షాపు నుంచి,
కరెంటు పోయిన మధ్యాహ్నం

ఒరేయ్ బావమరిదీ,

ఉత్తరం చూడగానే కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. మనింట్లో అవ్వాల్సిందంతా ఎండలు ముదరకముందే అయిపోయింది, ఇక కొత్తగా అయ్యేదేం లేదు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నీతో ఫోనులో మాట్లాడటం నాకెప్పుడొచ్చింది? మీ అక్క నీతో గంటలకొద్దీ మాట్లాడి చివర్లో ఫోను నా చెవికి ఆనించేది. "ఏరా, ఎలా ఉన్నావ్" అనేవాణ్ణి, "బానే ఉన్నా బావా" అనేవాడివి, అంతటితో సరి. ఆ ముందు కబుర్లేవీ లేకుండా ఆ రెండు ముక్కల కోసం ఫోను తియ్యాలంటే చెయ్యి రావడం లేదు. కటింగ్ మిషన్ ఆగిపోయింది, పనివాళ్ళు టీకి వెళ్ళారు. చేతికి బంక ఉంది, కాగితం మీద మరకలు పడితే ఏమీ అనుకోకు.

సంగతి మీ అక్క లావెండర్ మొక్క గురించి. బతికే ఉంది. ముందు ఆ మాట రాయాలి, ఎందుకంటే నువ్వు దాని పిల్లమొక్క ఉన్న చిన్న కుండీ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరిన రోజు గుమ్మంలో అందరి ముందూ ఏమన్నావో నేను మర్చిపోలేదు. "పెద్దది కూడా నాకిచ్చెయ్ బావా, నువ్వు నీళ్ళు పోసి పోసి చంపేస్తావు" అన్నావు. చంపలేదు బాబూ. రోజూ మట్టిలో వేలు దూర్చి చూస్తున్నాను. పూర్తిగా పొడిగా ఉంటేనే పోస్తున్నాను. పక్కింటావిడ "ఎండిపోతోంది, కాసిని నీళ్ళు పొయ్యండి" అని జాలి పడుతూ ఉంటుంది. మా ఆవిడ చెప్పి వెళ్ళింది, ఈ మొక్కకి ప్రేమ ఎక్కువైతే పడదు అని ఆవిడకి సర్ది చెబుతున్నాను.

కానీ దాని వాలకం బాగాలేదు. కింద అంతా కట్టె. పైన మాత్రం కాస్త పచ్చగా ఓ గుబురు. ఒక పక్కకి ఒరిగిపోయి బాల్కనీ ఊచల మీద చెయ్యేసుకుని నిలబడింది. విత్తనం నుంచి పెంచిన మొక్క, వయసు మీద పడింది మరి. నా కూతురు పిచ్చుక చూస్తే ఏమంటుందోనని నా భయం. అది ఆసుపత్రి ల్యాబులో చేరాక హాస్టల్ గదిలో ఉంటోందని తెలుసుగా, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. "సొంతంగా ఒక బాల్కనీ అంటూ దొరికిన రోజున ఈ మొక్క నీదేనే" అని వాళ్ళమ్మ మాటిచ్చింది. ఇప్పుడు ఇల్లు వెతుకుతోంది. ఫోను చేసినప్పుడల్లా నన్ను తర్వాత అడుగుతుంది, మొక్కని ముందు అడుగుతుంది. నా కూతురికి వాళ్ళమ్మ నుంచి ఇక చేరాల్సింది ఇదొక్కటే. చీరలు, నగలు అడగలేదు, ఈ కుండీ అడిగింది.

అందుకని రెండు సంగతులు. నీ దగ్గరున్న పిల్లమొక్క ఎలా ఉంది? దాన్నుంచి రెండు కొమ్మలు పంపగలవా, ఇక్కడ నాటి ఉంచుకుంటాను. రెండోది, దీన్ని కత్తిరించాలా వద్దా? మొక్కల విద్య మీ అక్క నాకెప్పుడూ నేర్పలేదు, నేర్పితే నేను వినేవాణ్ణీ కాదు. నీకు నేర్పింది. కరెంటు వచ్చింది, మిషన్ మోత మొదలైంది.

నీ బావ

*

డిపో విశ్రాంతి గది,
తెల్లారే బస్సు దిగాక

బావా,

నీ దస్తూరీ చూసి నిజంగానే గుండె ఆగినంత పనైంది. కండక్టరు నా మొహం చూసి నీళ్ళ సీసా తెచ్చాడు. ఇంకోసారి రాసేటప్పుడు కవరు మీదే "అందరూ క్షేమం" అని రాయి.

నా మొక్క సంగతా, ఏం చెప్పమంటావు. బాల్కనీలో కాలు పెట్టడానికి చోటివ్వడం లేదు. ఇంటివాళ్ళావిడ బట్టలు ఆరెయ్యడానికి వచ్చినప్పుడల్లా ఓ రెమ్మ తుంచుకుని జడలో పెట్టుకుంటోంది. నేను డ్యూటీ దిగి గుమ్మం తియ్యగానే వాసన ఎదురొస్తుంది. డీజిలు కంపులో బతికే నాకు ఆ వాసన ఎంత హాయో నీకేం తెలుసు, నీకు రోజంతా బంక వాసనేగా.

కొమ్మలు పోస్టులో పంపితే దారిలో వడిలిపోతాయి బావా. నేనే వచ్చి ఇస్తాను. ఇప్పుడు దూరం రూటు వేశారు, పోతే పోవడమే, ఎప్పుడు తిరిగొస్తానో నాకే తెలియదు. డ్యూటీ మారగానే వస్తాను. నీ మొక్క గురించి బెంగ పెట్టుకోకు, ఏమీ కాదు.

మొన్న ఒక ఊళ్ళో బస్సు ఆపుకున్నాం. పక్కన దారం ఉండలు అమ్ముతున్నాడు. ఊదా రంగుది అక్క లావెండర్ రెమ్మల సంచులు కట్టడానికి బాగుంటుందని కొనేశాను. డబ్బులిచ్చి చిల్లర తీసుకుని, బస్సెక్కి, స్టీరింగు పట్టుకున్నాక గుర్తొచ్చింది. బస్సులో వెనకనుంచి ఎవరో "డ్రైవర్ గారూ, కదలండి" అని అరిచేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను.

పిచ్చుకకి మామయ్య అడిగాడని చెప్పు.

నీ బావమరిది

*

ఇంటి బాల్కనీ,
వాన వెలిసిన సాయంత్రం

ఒరేయ్,

ఆ దారం పంపెయ్. ఇక్కడ పనికొస్తుంది. నేను కూడా మొన్న షాపులోంచి వస్తూ మెట్ల కింద నిలబడి, పైకి పిలిచి సంచీ అందుకోమందామనుకున్నాను. నోరు కూడా తెరిచాను.

పిచ్చుకకి ఇల్లు దొరికింది. చిన్నదే, రెండు గదులు, కానీ తూర్పు వైపు బాల్కనీ ఉందట. ముందున్న వాళ్ళు ఖాళీ చెయ్యాలి, రంగులు వెయ్యాలి, చలికాలం మొదట్లో తాళాలిస్తారట. నాకు ఫొటో కూడా పంపింది. గదులు కాదు, బాల్కనీలో కుండీ పెట్టబోయే మూల.

ఇక్కడేమో వానలు. కుండీని చూరు కిందికి జరిపాను గానీ ఒక కొమ్మ పసుపు తిరిగి రాలిపోయింది. మిగతాది పచ్చగానే ఉంది. అయితే మరీ ముసలి మొక్కలా ఉంది రా, కాళ్ళు తప్ప ఒళ్ళు లేదు. పిచ్చుక గుర్తుపెట్టుకున్నది గుండ్రంగా, గుబురుగా, ఊదా పూలతో ఉన్న మొక్కని. దీన్ని ఇలా చేతిలో పెడితే వాళ్ళమ్మని చివరి రోజుల్లో చూసినట్టే ఉంటుంది దానికి. అలా ఇవ్వడం నాకిష్టం లేదు. కత్తిరిస్తే కింద నుంచి చిగురు వేసి గుబురవుతుందా? వేస్తుందంటే ఎక్కడిదాకా కొయ్యాలి?

నాకు కాగితం కొయ్యడం వచ్చు. ఎంత మందం కట్టయినా అంచు చెదరకుండా కోస్తాను. మొక్క సంగతి తెలియదు. అందుకని నీ సొంత పాండిత్యం వద్దు, మీ అక్క ఏం చెప్పిందో అదే రాయి. నీకు సరిగ్గా గుర్తులేకపోతే గుర్తులేదని రాసెయ్, దాని జోలికి పోను. ఒరిగినా బతికే ఉంది కదా.

నీ బావ

*

ఇంటి నుంచి,
సెలవు రోజు

బావా,

గుర్తులేకపోవడమేంటి, అక్క చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు.

అక్క ఏమనేదంటే, "భయపడి పైపైన గిల్లితే అది మొండికేస్తుంది. కట్టె కనిపించేదాకా కోసెయ్యాలి. మొదలు బాగుంటే చాలు, కింద నుంచి కొత్త పిల్లలేస్తాయి" అనేది. అచ్చం ఆ మాటలే. నాది నేను అలాగే కోశాను, ఇప్పుడు చూడాలి నువ్వు, చుట్టూ బొద్దుగా చిగుళ్ళు. కాబట్టి కత్తి పదును పెట్టుకుని ధైర్యంగా కొయ్యి. చలికాలానికి పిచ్చుక చేతిలో పెట్టేసరికి పెళ్ళికూతురులా తయారవుతుంది.

ఒకవేళ ఏదైనా తేడా వచ్చినా నాది ఉందిగా, దేనికి భయం.

దారం ఈ కవర్లోనే పెట్టాను. కొత్త రూటులో కొండ దారి ఉంది, మలుపు మలుపుకీ ఒకడు వాంతి చేసుకుంటాడు. అక్క ఉంటే ఒక్కొక్కరికీ ఒక లావెండర్ సంచీ ఇచ్చి ముక్కు దగ్గర పెట్టుకోమనేది.

నీ బావమరిది

*

బైండింగ్ షాపు నుంచి,
భోజనాల వేళ

ఒరేయ్ బావమరిదీ,

కోసేశాను.

కాగితాల కత్తి సానరాయి మీద నూరి, స్పిరిటుతో తుడిచి, ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. అంతటి అనుభవజ్ఞుణ్ణి, మొదటి కొమ్మ దగ్గర కళ్ళు మూసుకున్నాను. తర్వాత మీ అక్క గొంతు చెవిలో వినిపించింది, "భయపడి పైపైన గిల్లితే మొండికేస్తుంది" అని. ఇక ఆగలేదు. చుట్టూ సమానంగా, పుస్తకం అంచు కోసినంత తిన్నగా కోశాను. ఒక్క ఆకు లేకుండా నున్నగా ఉంది ఇప్పుడు. పక్కింటావిడ చూసి బుగ్గలు నొక్కుకుంది. నెల తిరిగాక రమ్మన్నాను.

కోసినదాంట్లో ఒక్క రెమ్మ కూడా పారెయ్యలేదు. పాత వార్తాపత్రికలు పరిచి గదినిండా ఆరబెట్టాను. ఇల్లంతా మీ అక్కే. ఆ రోజు మధ్యాహ్నం నేను నిద్రపోయాను రా. ఆవిడ పోయాక పట్టపగలు నాకు నిద్ర పట్టడం అదే మొదలు.

ఆరాక సంచులు కుట్టాను. మీ అక్క వాడే మెత్తటి బట్టముక్కలు బీరువాలో ఉన్నాయి. సూది మాత్రం నాకు తెలిసిన బైండింగ్ సూదే, కుట్టు కూడా రిజిస్టరు కుట్టే. నీ ఊదా దారంతో మూతులు కట్టాను. చూసినవాళ్ళు నవ్వకుండా ఉండలేదు, చిన్న చిన్న పుస్తకాల్లా ఉన్నాయట. ఆవిడ ఎలా ఇచ్చేదో గుర్తుందిగా, చేతిలో పెట్టేది కాదు, ముందు ముక్కు దగ్గర పెట్టేది, మొహం చూసి అప్పుడిచ్చేది. నేనూ అలాగే ఇచ్చాను. షాపులో అందరికీ, పక్కింటావిడకి, మనకి బట్టలు ఇస్త్రీ చేసే అతనికి. తర్వాత ఆసుపత్రికి వెళ్ళాను. మళ్ళీ ఆ మెట్లెక్కుతాననుకోలేదు. మీ అక్కని చూసుకున్న నర్సు ఉంది చూడు, కళ్ళజోడు ఆవిడ, ఆవిడకి ఇచ్చాను. వాసన చూసి, "ఆవిడ తలగడ కింద ఇదే ఉండేది కదండీ" అంది.

ఇన్నేళ్ళూ మీ అక్క పంచుతుంటే పనిలేని పని అనుకునేవాణ్ణి. ఇస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. నువ్వు చెప్పబట్టే ఇదంతా, అందుకే వెంటనే రాస్తున్నాను. నీకూ ఒక సంచీ ఉంచాలనుకున్నాను గానీ నీకు చెట్టే ఉందిగా, నీ వాటా కూడా నర్సమ్మకే ఇచ్చేశాను.

నీ బావ

*

డిపో విశ్రాంతి గది

బావా,

నీ ఉత్తరం చాలా ఆలస్యంగా అందింది, రూటులో ఉన్నాను. అన్నీ కోసేశావా? ఒక్క కొమ్మకైనా ఆకులు వదల్లేదా?

కోసిన వాటిలో పచ్చి రెమ్మలేవైనా మిగిలుంటే వెంటనే కింది ఆకులు తీసేసి ఇసుకలో గుచ్చు. తడి మరీ ఎక్కువ వద్దు, నీడలో ఉంచు. ఊరికే ముందు జాగ్రత్తకి చెబుతున్నాను. ఈ ఉత్తరం చేరగానే చెయ్యి.

నీ బావమరిది

*

ఇంటి నుంచి,
తొలి చలి రోజులు

ఒరేయ్,

ఇసుకలో గుచ్చడానికి ఏముంది? అన్నీ ఎండబెట్టి సంచుల్లో కట్టి ఊరంతా పంచానని రాశానుగా.

చిగురు రాలేదు. మొదట్లో రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి. బట్టలు ఆరేసుకుంటూ పక్కింటావిడ అటు నుంచి "ఏమైనా వచ్చిందా" అంటే తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ అడగడం మానేసింది. నిన్న ఒక కొమ్మ చివర గోటితో గీరాను. లోపల పచ్చదనం లేదు. ఇంకోటి గీరాను. అన్నీ గీరాను.

పిచ్చుక మొన్న సెలవు పెట్టుకుని వచ్చింది. కుండీ కనబడకుండా అటక మీద పెట్టేశాను, ఎండ కోసం షాపు డాబా మీద ఉంచానని చెప్పాను. కూతురితో అబద్ధమాడాను. అన్నం తింటూ మాటల్లో నేనే కదిపాను, అమ్మ దీన్ని ఎలా కత్తిరించేదే అని. అది ఆలోచించకుండానే, "పచ్చగా ఉన్నచోటే కోసేది నాన్నా, కట్టె జోలికి అస్సలు పోయేది కాదు, కట్టెలోంచి మళ్ళీ మొలవదని నా చేతిలో కత్తెర లాక్కుంది ఒకసారి" అంది.

నీకు వేరేగా చెప్పిందా మీ అక్క? ఎప్పుడు చెప్పింది? ఆవిడ ఇద్దరికీ రెండు రకాలుగా చెప్పే మనిషి కాదు. నువ్వేదో పొరపాటుపడి ఉంటావు. పోనీలే, ఇప్పుడది తవ్వుకుని లాభం లేదు. మనకి నీ పిల్లమొక్క ఉంది. అదే తల్లి, అదే రక్తం. దాన్నే పిచ్చుకకి ఇద్దాం, సంగతి ఇదీ అని నేనే చెప్పుకుంటాను. వచ్చే నెల మొదట్లో తాళాలిస్తున్నారు. నువ్వు రాలేకపోతే నేనే వస్తాను. నువ్వెప్పుడుంటావో రాయి.

బావ

*

దారిలో ఆగిన చోటు నుంచి,
హడావుడిగా

బావా,

ఇప్పుడు రాకు. నేను గదిలో ఉండటమే లేదు, ఒకటే డ్యూటీలు. నువ్వు అంత దూరం పడి వచ్చి తాళం చూసి వెళ్ళడం ఎందుకు. మొక్క నేనే తెస్తాను, నాదీ పూచీ. పిచ్చుక గృహప్రవేశానికి ముందే తెస్తాను. వెనక బస్సువాడు హారన్ కొడుతున్నాడు, ఉంటాను.

నీ బావమరిది

*

నీ గది,
నీ మంచం మీద కూర్చుని

బావమరిదికి,

రావద్దన్నావు, వచ్చాను. నువ్వు లేవు. ఇంటివాళ్ళావిడ నన్ను ఫొటోలో చూసిందట, గుర్తుపట్టి తలుపు తీసింది. మంచినీళ్ళిచ్చింది. నేను బాల్కనీలోకి వెళ్ళాను.

బాల్కనీలో కాలు పెట్టడానికి కావలసినంత చోటుంది. ఒక లావెండర్ మొక్క ఉంది. నర్సరీవాళ్ళు ఇచ్చిన నల్ల కవరు కూడా విప్పలేదు, కొమ్మకి వాళ్ళ పేరున్న ప్లాస్టిక్ చీటీ అలాగే వేలాడుతోంది. దాని వెనకాల మూలలో మీ అక్క చిన్న కుండీ. అంచు పగిలితే ఆవిడ తీగ చుట్టి బిగించింది కదా, అదే. మట్టి బిళ్ళ కట్టింది. మధ్యలో ఒక పుల్ల.

ఇంటివాళ్ళావిడ ఏమీ దాచలేదు పాపం, నాకు తెలుసనే అనుకుంది. ఎండల్లో నువ్వు డ్యూటీకి వెళ్ళావట. మార్పు డ్రైవరు రాక నిన్ను అటునుంచి అటే ఇంకో రూటుకి పంపారట. ఆవిడా ఊళ్ళో లేదట. వచ్చేసరికి మాడిపోయిందట. నువ్వు ఆ కుండీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చావట. "మీరెవరూ అప్పుడు రాలేదేం" అని నన్నే అడిగింది.

ఎండల్లో పోయింది. అంటే నేను మొదటి ఉత్తరం రాసేనాటికే పోయింది. అప్పటికి నాది బతికే ఉంది రా. పోయింది బావా అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఇక ఉన్నది ఇదొక్కటేనని తెలిసేది నాకు. దాని మీద కత్తి పెట్టేవాణ్ణా? ముసలిదైతే ముసలిదే, ఒరిగితే ఒరిగిందనే అలాగే మోసుకెళ్ళి పిచ్చుక చేతిలో పెట్టేవాణ్ణి. పోనీ కోసినా, ఆ రెమ్మలన్నీ ఇసుకలో పెట్టేవాణ్ణి. గదినిండా పచ్చి రెమ్మలు పరుచుకుని, ఆ వాసనకి మురిసిపోయి పడుకున్నాను నేను. వాటిలో ఏ ఒక్కటి నాటినా ఇవాళ మొక్క ఉండేది. సంచుల్లో కుక్కి ఊరంతా పంచిపెట్టి నీకు గొప్పగా రాశాను.

నీ మొక్క మాడిందని నాకు కోపం లేదు. నా చేతిలోనూ అలాగే అయ్యుండేది. నీకు ధైర్యం లేక చెప్పలేదు, అదీ అర్థమవుతుంది. కానీ మీ అక్క నోట్లో ఆ మాటలు పెట్టావు చూడు, అది నాకు మింగుడు పడటం లేదు. నీ మాటైతే నేను వినేవాణ్ణి కాదు. నీ సొంత పాండిత్యం వద్దని రాశాను కూడా. ఆవిడ చెప్పిందన్నావు కాబట్టి విన్నాను. ఆవిడ గొంతు నా చెవిలో వినిపించింది, ఆ గొంతు పట్టుకునే కోశాను. ఆ మాట ఎవరిదిరా?

నీ కొత్త మొక్క నాకొద్దు. ఈ కాగితం దాని కిందే పెట్టి వెళ్తున్నాను.

బావ

*

గది నుంచి

బావా,

ఆ మాట అక్కది కాదు. గులాబీల తోట ఉన్న ఒక ప్రయాణికుడు ముందు సీట్లో కూర్చుని పక్కవాడికి చెబుతుంటే విన్నాను. నువ్వు అక్క ఏం చెప్పిందో రాయమన్నావు. అక్క ఏం చెప్పిందో నాకు గుర్తులేదు. ఎంత తల బాదుకున్నా గుర్తురాలేదు. మీ బాల్కనీ కుర్చీలో కూర్చుని అక్క చెబుతూనే ఉండేది, నేను అక్క మొహం చూస్తూ టీ తాగేవాణ్ణి, ఎప్పుడైనా మళ్ళీ అడగొచ్చులే అనుకున్నాను. గుర్తులేదని రాయడానికి కలం తీశాను. గుమ్మంలో అందరి ముందూ నిన్ను అన్న మాట అడ్డొచ్చింది. నీకు తెలియనిది నాకు తెలుసని పెద్ద పోజు పెట్టి కుండీ తీసుకెళ్ళినవాణ్ణి, ఏ మొహంతో రాయను.

మొక్క పోయిందన్న మాట కూడా ఎన్నిసార్లు రాసి చించానో. అక్క పోయినప్పుడు నీకు ఫోను చేసి అడిగింది నేనే, "ఉందా బావా" అని. నువ్వు "పోయింది రా" అన్నావు. మళ్ళీ నేను నీకు అదే మాట రాయాలంటే చెయ్యి ఆడలేదు. కొత్తది కొని పెంచి, నీకు ఇచ్చేస్తే ఎవరికీ బాధ ఉండదనుకున్నాను. నువ్వు కోశానని రాసిన ఉత్తరం అందిన రోజు నర్సరీకి పరిగెత్తి అడిగాను. కట్టెదాకా కోస్తే చచ్చిపోతుందన్నాడు. అప్పుడైనా నిజం రాయాల్సింది. ఇసుకలో గుచ్చమని రాశాను.

నన్ను ఏమన్నా పడతాను. కానీ పిచ్చుక ఉత్త చేతులతో ఆ ఇంట్లో అడుగుపెట్టడం నేను చూడలేను. అందుకే నువ్వొద్దన్నా ఆ మొక్క మంచి కుండీలోకి మార్చి నిన్న మీ ఊరి బస్సులో తెచ్చాను. నువ్వు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని మీ షాపులో కుర్రాళ్ళకి అప్పగించి వచ్చాను. నీ ఎదుటపడే ధైర్యం లేకపోయింది. పిచ్చుకకి నిజమే చెప్పు. మామయ్యే చంపాడని చెప్పు. నా పేరే చెప్పు.

బావమరిది

*

పిచ్చుక ఇంటి నుంచి,
తూర్పు బాల్కనీ

ఒరేయ్ బావమరిదీ,

చాలా రోజులు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

నీ మొక్క షాపులో బల్ల మీద చూసినప్పుడు బయట పెట్టించేద్దామనుకున్నాను. తర్వాత, తీసుకెళ్దాం, గుమ్మంలోనే నిజం చెప్పి ఇద్దాం అని నిర్ణయించుకున్నాను. బస్సులో కూర్చుని ఏం చెప్పాలో మాటలన్నీ కూర్చుకున్నాను. అమ్మ మొక్క పోయింది తల్లీ, మామయ్య ఒకటి, నేను ఒకటి, ఇద్దరం కలిసి పోగొట్టాం, ఇది కొన్నది, దీనికీ మీ అమ్మకీ ఏ సంబంధం లేదు. ఇదంతా నోటికి వచ్చేలా వల్లె వేసుకున్నాను.

అది తలుపు తీసింది. నన్ను పలకరించలేదు. కుండీ లాక్కుని మొహం అందులో పెట్టేసింది. దాని భుజాలు కదలడం చూశాను. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, నీకు తెలుసుగా, అందరం భయపడ్డాం. ఇప్పుడు ఏడ్చింది. గుమ్మంలో నేల మీద కూర్చుని, కుండీ వదలకుండా, గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత తల ఎత్తి నన్ను అడిగింది.

"అమ్మదే కదా నాన్నా?"

అవునమ్మా అన్నాను.

అంతే. ఆలోచించలేదు, ఎవరూ నేర్పలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. నీకు ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది. నిన్ను క్షమించానని దీన్నిబట్టి అనుకోకు. ఆ ముసలి మొక్క గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నీ మీదా, నా మీదా. కానీ ఇక నిన్ను నిలదీసే నోరు నాకు లేదు. నువ్వు పోయిందాన్ని దాచావు, నేను లేనిదాన్ని ఉందని చేతిలో పెట్టాను. అది ఆ మొక్కతో మాట్లాడుతోంది రా. పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి చూసి, "అమ్మకి ఇవాళ నీళ్ళు అక్కర్లేదు" అంటుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.

చెప్పాలని ప్రతిసారీ అనుకునే వస్తాను. వచ్చిన ప్రతిసారీ మొక్క ఇంకా గుబురుగా ఉంటుంది. వాళ్ళమ్మకున్న చెయ్యే దీనికీ వచ్చింది. ఇక నేను చెప్పనని నాకు తెలిసిపోయింది. చెబితే తన తల్లి ఆ పిల్లకి ఇంకోసారి పోతుంది.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, పచ్చ కొమ్మలు తీసి వేళ్ళు పట్టించింది. మొదటి పిల్లమొక్క నీకేనట. "మామయ్యది ఎండల్లో పోయిందట కదా, ఇంటివాళ్ళావిడ చెప్పింది, పాపం సిగ్గుపడి మనకి చెప్పలేదు నాన్నా" అని నవ్వింది. నీకు ఫోను చేస్తే దొరకలేదని, ఆవిడకి చేసిందట. నీ మీద దానికి కోపం లేదు. అమ్మ మొక్క మామయ్య దగ్గర లేకపోతే ఎలా అంటోంది. వచ్చే ఆదివారం నిన్ను తీసుకురమ్మంది. పోస్టులో పంపదట, చేత్తోనే ఇస్తుందట, ముందు ముక్కు దగ్గర పెట్టి, వాళ్ళమ్మ ఇచ్చినట్టే.

రావాలి నువ్వు. డ్యూటీ అని రాయకు. వచ్చి, ఆ కుండీ దాని చేతుల్లోంచి తీసుకుని, వాసన చూసి, "అవునే, అచ్చం మా అక్కదే" అని దాని కళ్ళలోకి చూసి అనాలి.

నేను అన్నాను.

బావ